ఫోటో కింద లేని మాట

కొన్నేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. నేను అన్న మాటే. అదీ పూర్తిగా అనలేదు, సగంలో ఆపేశాను. ఆ ఆపేయడంలోనే ఉంది అంతా. పొద్దున షాపు షట్టర్ ఎత్తేటప్పుడు, చీర మడత విప్పి కస్టమర్ ముందు పరిచేటప్పుడు, ఎవరైనా నన్ను మంచిదాన్నని అనేటప్పుడు అది లోపల కదులుతుంది. మంచిదాన్నని అన్నప్పుడు మరీను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకుండా జాగ్రత్తపడుతున్నాను. పేర్లు మార్చాను. ఇది పిరికితనమే, కాదనను. కానీ నా పేరుతో రాయాలంటే ఎప్పటికీ రాయలేనని నాకు తెలుసు. అందుకే ఇలా.

మాది నూజివీడు. మావారికి బట్టల షాపు ఉంది. షాపు బోర్డు మీద మా మామగారి పేరు. లేడీస్ సెక్షన్ నేను చూసుకుంటాను.

మాధురి, నేను విజయవాడలో ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లమా కలిసి చేశాం. రోజూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. తనది విస్సన్నపేట వెళ్ళే దారిలో ఒక పల్లె, వాళ్ళ నాన్నగారికి మామిడి తోటలున్నాయి. బొమ్మ గీయడంలో నేనే ముందు. గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. తర్వాత జరిగినదానికి మొదలు ఇక్కడే ఉంది కాబట్టి రాస్తున్నాను. మా మేడమ్ నా షీట్లు తీసి క్లాసు గోడకి అంటించేవారు. మాధురి గీసిన మనుషులకి ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి ఉండేది. తను నా షీట్ల ముందు నిలబడి, "నీ చేతిలో ఏదో ఉందే" అనేది. మనస్ఫూర్తిగా అనేది. ఇప్పటికీ నాకు అర్థం కాని సంగతి అదే. ఒకరి పని తనకంటే బాగుందని తెలిసి కూడా అంత తేలిగ్గా ఎలా అనగలిగింది?

డిప్లమా అవగానే నాకు పెళ్ళయింది. షాపులో నా డిజైన్లు ఒక ర్యాకులో పెడదామని మావారిని అడిగాను. చూద్దామన్నారు. ఆ చూద్దాం మీదే ఏళ్ళు గడిచాయి. ఎవరూ నన్ను వద్దనలేదు. ఆ మాట నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే చాలాకాలం నన్ను తొక్కేశారనే కథ నాకు నేను చెప్పుకున్నాను. ఎవరూ తొక్కలేదు. రెండోసారి నేనే అడగలేదు. నైటీలు, లెగ్గింగులు, పెళ్ళి చీరలు అమ్ముకుంటూ సుఖంగానే ఉన్నాను. మాధురి తిరిగొచ్చేదాకా.

తను బెంగళూరులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసి వచ్చింది. అక్కడ మిషన్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా తననే అడగాల్సి వచ్చేదట. వెళ్ళొద్దని చెప్పడం తన ఉద్యోగంలో భాగమట. ఒకరోజు అలా చెప్పి, ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయానని చెప్పింది. వచ్చేసింది. వాళ్ళ తోటలో కాయలు దించి పోసుకునే రేకుల షెడ్డు సీజన్‌లో తప్ప ఏడాదంతా ఖాళీగా ఉండేది. అందులో కుట్టు మిషన్లు వేసింది. చేనేత గుడ్డ మాత్రమే కొంటానంది. కుట్టేవాళ్ళకి నెల జీతం ఇస్తానంది, ముక్కకింత అని లెక్క కట్టనంది. కత్తిరించగా మిగిలిన పేలికలతో సంచులు కుట్టిస్తానంది. సొంతంగా ఒక బ్రాండ్ పెడుతున్నాననీ, అందులో నేను కూడా ఉండాలనీ అడగడానికి స్వీట్ బాక్స్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

నవ్వాను. నూజివీడులో చేనేత కుర్తీలు ఎవరు కొంటారే అన్నాను. తను నొచ్చుకోలేదు. సరే, ఒక డిజైన్ అయినా గీసివ్వమంది. గీసిచ్చాను. పక్కకి వాలుగా ఉండే జేబు, మెడ దగ్గర చిన్న చీలిక, మోకాలి కిందిదాకా వచ్చే కుర్తీ. పావుగంటలో గీశాను. నా పేరు మాత్రం ఎక్కడా వేయొద్దన్నాను. ఎప్పటికీ బయటికి రాదనుకుని గీశాను. నిజంగా అలా అనుకునే గీశానా? లేక రావాలని ఆశపడి, ఆ ఆశ కనబడకూడదని అంత నిర్లక్ష్యంగా చేతిలో పెట్టానా?

అది బయటికి వచ్చింది. అమ్ముడుపోయింది. నూజివీడులో కాదు, ఫోన్‌లో. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెడితే హైదరాబాద్ నుంచీ, ఇంకా పైనుంచీ ఆర్డర్లు వచ్చాయి. వేసవిలో షెడ్డులో ఒక పక్క మిషన్లు, ఒక పక్క రసాలు, బంగినపల్లి రాశులు ఉండేవి. పార్శిల్ విప్పగానే మామిడిపండు వాసన వస్తోందని కొన్నవాళ్ళు మురిసిపోతూ రాసేవాళ్ళు. ఆ రాతలన్నీ నేను చదివేదాన్ని. షాపులో బేరాలు లేని మధ్యాహ్నాల్లో, కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని ఒక్కటి వదలకుండా చదివేదాన్ని. ఫ్రెండ్ బాగుపడుతుంటే సంతోషంగా ఉందని మావారితో అనేదాన్ని. ఒకరోజు కారులోంచి ఒకావిడ దిగి మా షాపులోకి వచ్చింది. ఏం చూపించమంటారని లేచి నిలబడ్డాను. మాధురి షెడ్డుకి దారి అడిగింది. దారి చెప్పాను. ఆవిడ వెళ్ళాక, పొద్దున్నే సర్దిన ర్యాకు మొత్తం కిందికి లాగి మళ్ళీ సర్దాను.

అసూయ అంటే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. కోపంలా ఉంటుందనుకున్నాను. అలా ఉండదు. చాలా శ్రద్ధగా ఉంటుంది. తను ఎప్పుడు ఏం పెట్టిందో, ఎవరు ఏమన్నారో నాకు తెలిసినంతగా తనకే తెలిసుండదు.

తను చేసిన ఇంకో పని ఉంది. ప్రతి బట్టకీ వేలాడే అట్టముక్క మీద దాన్ని కుట్టిన మనిషి పేరు రాయించేది. బట్ట కుట్టినవాళ్ళెవరో తొడుక్కునేవాళ్ళకి తెలియాలనేది. అక్కడ కుట్టేవాళ్ళందరిలో మంచి చేయి ఉన్న మనిషిని కుమారి అంటాను. అసలు పేరు అది కాదు. భర్త లారీ డ్రైవర్, ఇంట్లో మామగారు. కూతురు స్కూల్లో చదువుతోంది. కుమారి చురుకైన మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి అని పక్కవాళ్ళని నవ్విస్తూ ఉండేది. జీతం తీసుకున్న మొదటి నెల మా షాపుకే వచ్చి మామగారికి కండువా కొంది.

ఒకరోజు మాధురి కుమారి ఫోటో పెట్టింది. మెడలో టేపు వేసుకుని, మిషన్ పక్కన నిలబడి నవ్వుతోంది. ఒంటి మీద మావిచిగురు రంగు కుర్తీ. పక్కకి వాలిన జేబు. నా కుర్తీ. కింద కుమారి పేరు, ఆమె ఊళ్ళో నేర్చుకున్న పని గురించి నాలుగు మాటలు. ఫోటో పెట్టేముందు మాధురి కుమారిని అడిగింది, కుమారి ఇష్టపడే ఒప్పుకుంది. అది కూడా తర్వాత నాకు మాధురే చెప్పింది.

నా గీత ఆమె ఒంటి మీద ఉంది, మాధురి పేరుతో లోకంలోకి వెళ్ళింది. నా పేరు ఎక్కడుంది? వద్దన్నది నేనే కదా. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా మంట తగ్గలేదు. అంతవరకు తను పెట్టినవాటన్నిటిలోకీ ఆ ఫోటోనే జనానికి ఎక్కువ నచ్చింది. కింద ఎన్నో కామెంట్లు. కుట్టు ఎంత నీట్‌గా ఉందో అని ఒకరు, ఈవిడ నవ్వు చూస్తే మా పిన్ని గుర్తొచ్చిందని ఒకరు, కుమారిగారు కుట్టిందే కావాలని ఒకరు. అన్నీ ఇంగ్లీషులో. ఇవి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఒక్కటంటే ఒక్కటి కూడా చెడ్డది లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ వారంలోనే కుమారి మామగారు మా షాపుకి వచ్చారు. కాయల లోడుతో టౌనుకి వచ్చి, పనిలో పనిగా పంచెల చాపు కొనడానికి వచ్చారు. మావారు బ్యాంకుకి వెళ్ళారు. షాపులో ఇంకెవరూ లేరు. చాపు ప్యాక్ చేస్తుంటే ఆయనే మాట కలిపారు.

"మా కోడలు మీ ఫ్రెండ్ గారి దగ్గరే కుడతందమ్మా. బాగా చూసుకుంటారంట," అన్నారు. ఆ గొంతులో గర్వం ఉంది.

"తెలుసు బాబాయ్ గారూ. ఫోటో కూడా చూశాను," అన్నాను.

"ఏం ఫోటో అమ్మా?"

ఆయనకి తెలియదని అప్పుడు నాకు తెలిసింది. చేనేత బట్టల ఫోటోలండీ అని అక్కడితో వదిలేయొచ్చు. ఫోన్ తీశాను. ఫోటో పెద్దది చేసి చూపించాను. ఆయన ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, నవ్వారు. నిజంగా నవ్వారండీ. కోడల్ని చూసుకుని సంతోషపడ్డారు. ఆ నవ్వు చూశాకైనా నేను ఆగి ఉండొచ్చు.

"ఇది ఎవరెవరు చూస్తారమ్మా?"

"ఎవరైనా చూడొచ్చండి. ఫోనున్న వాళ్ళంతా చూస్తారు."

ఆయన మళ్ళీ ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. తర్వాత వేలితో చూపించారు. "ఈ కిందదేంటి, ఏదో రాసుంది?"

"చూసినవాళ్ళు రాసినవి బాబాయ్ గారూ. మగాళ్ళు."

"ఏం రాశారు?"

"వద్దులెండి," అన్నాను. "నా నోటితో చదవలేను."

ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుని కౌంటర్ మీద బోర్లా పెట్టాను.

అంతే. నేను చేసింది ఇంతే. పోట్లాడలేదు, ఉత్తరం రాయలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఆయన ఇంగ్లీషు చదవలేరని తెలిసి, లేని మాటల్ని చదవలేనన్నాను. ఏదో ఒకటి కల్పించి చెప్పినా ఇంత నష్టం జరిగేది కాదేమో, ఒక అబద్ధానికి ఒక హద్దుంటుంది. నేను చెప్పకుండా ఆపిన చోట ఆయన తనకి తెలిసిన బూతులన్నీ ఊహించుకుని ఉంటారు.

ఆయన ముఖం ఎర్రబడింది. కవరు చంకలో పెట్టుకున్నారు. మా ఇంటి పరువు కోసం చెప్పావు తల్లీ, నీ పేరు బయటికి రానివ్వను అన్నారు. నాకు దణ్ణం పెట్టి వెళ్ళారు.

మర్నాటి నుంచి కుమారి పనికి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మాధురి వాళ్ళ ఇంటికి వెళితే గుమ్మంలోనే మాట్లాడి పంపించేశారట. ఎవరెవరో మగాళ్ళు కోడలి ఫోటో కింద రాయరాని రాతలు రాశారనీ, ఆడదాని బొమ్మ పెట్టి వ్యాపారం చేసుకునే చోటికి మా మనిషిని పంపేది లేదనీ ఆయన అన్నారట. ఎవరు చెప్పారని అడిగితే చెప్పలేదు. మాట నిలబెట్టుకున్నారు. ఆ సంగతి పక్క ఊళ్ళకి పాకింది. మిగతా ఆడవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు మానేశారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద స్టోర్ వాళ్ళు మొదటిసారి ఇచ్చిన ఆర్డరు మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ ఇవ్వలేదు.

మాధురి ఏడుస్తూ నా దగ్గరికే వచ్చింది. ఇంకెవరి దగ్గరికి వెళుతుంది? కామెంట్లన్నీ పదిసార్లు చూశాననీ, ఏమీ కనబడలేదనీ, రాసినవాళ్ళే మళ్ళీ తీసేసి ఉంటారనీ అంది. నేను గమనించుకోలేదే, నా మూలంగా ఆమెకి ఇంత మాట వచ్చిందే అని వెక్కి వెక్కి ఏడ్చింది. కాఫీ కలిపిచ్చాను. వీపు నిమిరాను. అప్పుడు కూడా నేను ఊరుకోలేదు. "పల్లెటూరి వాళ్ళే మాధూ, ఇంట్లోవాళ్ళని కూడా అడిగి పెట్టాల్సింది" అన్నాను. తను తలూపింది. ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో రాయాలా? రాయాలి. హాయిగా అనిపించింది. బస్సులో పక్క సీట్లో కూర్చునే పాత మాధురి తిరిగొచ్చినట్టనిపించింది. ఎంత పని చేశానో తర్వాతెప్పుడో తెలిసొచ్చింది.

తను ఫోటోలన్నీ తీసేసింది. కొన్నాళ్ళకి మిషన్లు అమ్మేసింది. ఇప్పుడు నాన్నగారి తోటలు చూసుకుంటోంది.

కుమారి సంగతి. భర్త లారీ దిగి వచ్చి ఫోన్ లాక్కున్నాడట. కొట్టాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు. చాలాకాలం గుమ్మం దాటలేదని విన్నాను. తర్వాత ఒకరోజు షాపుకి వచ్చి, ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఏదైనా ఉంటే ఇప్పించమని అడిగింది. చీరలకి ఫాల్స్ కుట్టే పని ఇచ్చాను. జాలితో ఇచ్చానా? ప్రాయశ్చిత్తమా? అలా అనుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. కానీ మా షాపులో ఫాల్ కుట్టిన చీర కింద అంచు అద్దంలా ఉంటుందని టౌనంతా పేరొచ్చింది. ఆడవాళ్ళు వేరే షాపులో కొన్న చీరలు కూడా మా దగ్గరికే తెస్తారు. మంచి పనిమంతురాల్ని పట్టారండీ అంటారు. నేను నవ్వుతాను. పేరు చెప్పను. అడిగినా చెప్పను.

పోయిన వేసవికి ముందు కుమారి మామగారు గుండెపోటుతో పోయారు. ఆ మాట తెలిసిన రెండో మనిషి ఆయన. కబురు వినగానే నాకు కలిగింది దుఃఖం కాదు. చూశారా, ఏ స్థితికి వచ్చానో.

దినాలయ్యాక కుమారి చీరలు తీసుకోవడానికి వచ్చింది. మూట కట్టుకుంటూ, నా వంక చూడకుండా అడిగింది. "అక్కా, మీరు మాధురక్క ఫ్రెండు కదా. అప్పుడు మీరు చూశారా? నా గురించి ఏం రాశారక్కా?"

తన ఫోటో కింద ఏముందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఫోన్ పోయింది, ఆ తర్వాత ఫోటోనే పోయింది. ముక్కూ ముఖం తెలియని మగాళ్ళు తన గురించి నోటితో చెప్పలేని మాటలు రాశారని నమ్మి ఇన్నేళ్ళు బతికింది. బస్సెక్కినా, సంతకి వెళ్ళినా, ఎదురొచ్చే మగాణ్ణి చూసి వీడు కూడా చదివి ఉంటాడా అనుకుంటానని అంది. మెల్లిగానే అంది. ఇప్పుడు కుమారి ఎవర్నీ నవ్వించడం నేను చూడలేదు.

"నేను చూడలేదు కుమారీ," అన్నాను.

అది రెండో అబద్ధం. మొదటిదానికి అసూయ అని ఒక పేరుంది. దీనికేం పేరు పెట్టను? చెప్పేస్తే కుమారి నా షాపు మెట్లు మళ్ళీ ఎక్కదని భయమా? ఊళ్ళో పరువు పోతుందని భయమా? అంత మంచి చేయి పోతుందన్న లెక్క కూడా ఉందేమో. ఉందనే అనిపిస్తోంది.

ఈమధ్య ఊళ్ళో ఒక కాలేజీ అమ్మాయిలు సొంత వ్యాపారాల గురించి మాట్లాడమని మాధురిని పిలిచారు. తోడు రమ్మంటే వెళ్ళాను. ముందు వరసలో కూర్చున్నాను. చివర్లో ఒకమ్మాయి లేచి, మీ బ్రాండ్ ఎందుకు మూతపడిందండీ అని అడిగింది. అందరూ బాగుండాలనుకునే మొదలుపెట్టాను, కానీ ఒక మనిషి ముఖాన్ని నా మంచితనానికి బోర్డులా వాడుకున్నాను అంది మాధురి. ఆమె ఒప్పుకుంది కానీ, ఆ ఇంట్లో ఆమె ఏం పడాల్సి వస్తుందో నేను ఆలోచించలేదు, తప్పు నాది అంది. అంతమంది ముందు, మైకులో. ఆ అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తను చెప్పినదాంట్లో కొంత నిజం ఉండొచ్చు. ఇన్నేళ్ళూ నేను దాక్కున్నది ఆ కొంచెం నిజం వెనకే.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, నేను ఎక్కువ మాట్లాడానా అని అడిగింది. లేదే, బాగా చెప్పావు అన్నాను. అసూయ అప్పుడు కూడా ఉందండీ. ఇది అన్నిటికంటే సిగ్గుపడాల్సిన సంగతి. నేను చేసిన తప్పుని తను నాకంటే గొప్పగా ఒప్పుకుందే అని అసూయ.

ఆ రోజు నుంచే రాయాలనుకుంటున్నాను. రాస్తే క్షమాపణ దొరుకుతుందని కాదు. క్షమించాల్సినవాళ్ళలో ఒకాయన లేరు, ఇద్దరికి తెలియదు. మీరు క్షమించినా అది మీది కాదు, నేను తీసుకోను. మాధురికి ఎదురుగా చెబుతానో లేదో కూడా ఇప్పుడు మాట ఇవ్వను. నా మాట ఎంత నమ్మదగ్గదో మీరే చూశారు కదా. కానీ నిజం నా ఒక్కదాని దగ్గరే ఉన్నంతకాలం మిగతా ఊరంతా అబద్ధంలోనే తిరుగుతుంది. ఎక్కడో ఒకచోట, కాగితం మీదైనా సరే, అది ఉన్నదున్నట్టు ఉండాలనిపించింది. కుమారి తెలుగు బాగా చదువుతుంది. దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చిన పేపరు ముక్క కూడా చదివి పారేస్తుంది. ఎప్పుడైనా ఎక్కడైనా ఇది తన కంటపడుతుందేమో. పడితే తనని తాను గుర్తుపడుతుంది, నన్నూ గుర్తుపడుతుంది. పడనీ.

కుమారీ, ఆ ఫోటో కింద ఎవరూ చెడ్డమాట రాయలేదు. నీ కుట్టు బాగుందన్నారు, నీ నవ్వు బాగుందన్నారు, నువ్వు కుట్టిందే కావాలన్నారు. నీ గురించి అనరాని మాట అన్నది ఈ లోకంలో నేనొక్కదాన్నే.